ఆరోగ్య కార్యక్రమంలో రోగి ఎక్కడ?

మన తెలుగు టీవీలో ఆరోగ్య కార్యక్రమం ఎలా ఉంటుందో తెలియని ఇల్లు ఉండదు. ఇస్త్రీ మడత నలగని తెల్లకోటులో డాక్టరుగారు, పక్కన యాంకరమ్మ, వెనకాల గుండె బొమ్మో వెన్నుపూస బొమ్మో. కింద ఆసుపత్రి ఫోన్ నంబరు పరుగులు పెడుతూ ఉంటుంది. ఇంతలో ఒక కాల్. "నమస్తే మేడమ్, అనకాపల్లి నుంచి మాట్లాడుతున్నానండీ." "ముందు మీ టీవీ వాల్యూమ్ తగ్గించండి. ఇప్పుడు చెప్పండి, మీ సమస్య ఏమిటి?" ఆయన తన వయసు చెప్తాడు, షుగర్ ఎంతుందో చెప్తాడు, అరికాళ్లు మంటలంటాడు. "మొన్న మా అబ్బాయి..." అని ఇంకేదో మొదలుపెడతాడు. "సరేనండీ, డాక్టరుగారు సమాధానం చెప్తారు, చూస్తూ ఉండండి" అంటుంది యాంకరమ్మ. లైన్ కట్.

ఆ "మొన్న మా అబ్బాయి" తర్వాత ఏముందో నాకు కావాలి. ఈ గోలంతా దాని గురించే.

ఆరోగ్యం మీద తెలుగులో మాటలకు కొదవేం లేదు. పొద్దున లేస్తే వాట్సాప్ నిండా మెంతులు, జీలకర్ర, గోరువెచ్చని నీళ్లు. యూట్యూబ్ తెరిస్తే ఎర్రని బాణం గుర్తులు, నోళ్లు వెళ్లబెట్టిన మొహాలు. పేపర్లో వారానికో ఆరోగ్యం పేజీ. ఇన్నింటిలోనూ మాట్లాడేది డాక్టరో, డాక్టరులా మాట్లాడేవాడో. జబ్బుతో కాపురం చేస్తున్న మనిషికి దక్కేది ప్రశ్న అడిగే అవకాశం ఒక్కటే, అదీ అర నిమిషం. ఆ మనిషి దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉందనీ, దాన్ని వినిపించే పని డాక్యుమెంటరీలూ రేడియో కార్యక్రమాలే చేయగలవనీ నా నమ్మకం. ఈ నమ్మకం ఎలా కుదిరిందో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పాలి.

పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో నా పని. మాత్ర మింగాక కడుపులో ఎంతసేపటికి కరుగుతుందో చూసే పరీక్ష ఒకటుంది, డిసొల్యూషన్ టెస్ట్ అంటాం. ఆరు గాజు పాత్రలు వరసగా ఉంటాయి. ఒక్కోదాంట్లో సాధారణంగా 900 మిల్లీలీటర్ల ద్రవం. కడుపులో పులుపుకు సరిపోయేలా ఒక్కోసారి పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతాం. వేడి సరిగ్గా 37 డిగ్రీలు, అంటే ఒంటి వేడి. ఒక్కో పాత్రలో ఒక్కో మాత్ర వేస్తాం. తెడ్డు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. పదిహేను నిమిషాలకోసారి సిరంజితో కాస్త కాస్త తీసి, మందు ఎంత శాతం కరిగిందో కొలుస్తాం. అంకె హద్దులో ఉంటే పాస్, లేకపోతే ఆ బ్యాచ్ మీద విచారణ, మాకు టెన్షన్. ఇన్నేళ్లలో నాకు తెలిసిన రోగి ఆ గాజు పాత్రే. అది వాంతి చేసుకోదు, మాత్ర వేసుకోవడం మరిచిపోదు, అత్తగారికి తెలియకుండా సీసాని బియ్యం డబ్బాలో దాచదు.

పొద్దున మద్దిలపాలెంలో కంపెనీ బస్సు ఎక్కితే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా పరవాడ. గాజువాక ట్రాఫిక్ దయ ఉంటే గంటలోపు, లేకపోతే మన ఖర్మ. బస్సులో సగం మంది నిద్రపోతారు, మిగతా సగం రీల్స్. నాకు కదిలే బస్సులో తెర చూస్తే కళ్లు తిరుగుతాయి, అందుకని చెవులే దిక్కయ్యాయి. మొదట పాటలు, తర్వాత వార్తలు, ఆ తర్వాత బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో వారం వారం వచ్చే హెల్త్ చెక్ అనే కార్యక్రమం. దాని చివర అది విన్నవాళ్లు ఇదీ వింటారని ఫోన్ ఇంకో కార్యక్రమం చూపిస్తే నొక్కాను. అలా తగిలింది థెంబీ ఎన్‌గుబానే గొంతు.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఖయెలిట్షా అనే పెద్ద పేదల వాడ ఉంది. థెంబీది ఆ ఊరు. 2004లో, పందొమ్మిదేళ్ల వయసులో, అమెరికాకు చెందిన రేడియో డైరీస్ నిర్మాత జో రిచ్‌మన్ ఆమె చేతిలో ఒక రికార్డర్ పెట్టాడు. ఆమెకు హెచ్‌ఐవీ ఉంది. ఏడాది పాటు ఆ రికార్డర్ ఆమె దగ్గరే ఉంది. ఏం రికార్డు చేయాలన్నది ఆమె ఇష్టం. అది 2006లో అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌లో ప్రసారమైంది.

పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఆమె తన ఒంట్లోని వైరస్‌తో మాట్లాడుతుంది. ప్రార్థనలాగా, రోజూ. నా ఒంట్లో దొంగతనంగా దూరావు కదా, ఉంటే ఉండు గానీ నా మాట విని పడుండు అన్న ధోరణిలో ఉంటుంది అది. మన ఇళ్లలో పెద్దవాళ్లు అమ్మవారు పోసినప్పుడు తల్లీ, వచ్చావు, చల్లగా చూసి వెళ్లు అనేవారు. ఈ పిల్ల మొక్కదు, గదమాయిస్తుంది. ఇంకోచోట, అప్పటిదాకా చెప్పని సంగతి తండ్రికి చెప్తుంది. రికార్డర్ తిరుగుతూనే ఉంటుంది. ఆ భాగం విన్నప్పుడు బస్సు కూర్మన్నపాలెం దగ్గర ఆగి ఉంది. పక్క సీట్లో అతను "ఏమైంది గురూ, ఇంటి దగ్గర అంతా బాగానే ఉన్నారా" అని అడిగాడు. నా మొహం అలా ఉన్నట్టుంది.

అందులో డాక్టరు ఉపన్యాసం లేదు. అయినా ఆ వ్యాధి గురించి నాకు అంతకుముందు తెలియనివి ఎన్నో తెలిశాయి. మందులు మొదలుపెట్టడమంటే ఒక నిర్ణయం అని తెలిసింది. ఒకసారి మొదలుపెడితే రోజూ, అదే వేళకు, జీవితాంతం. జబ్బు వాడలో అందరికీ తెలిసిపోతుందేమో అన్న భయం జబ్బుకన్నా బరువని తెలిసింది. మందులు ఇలా రోజూ మానకుండా వేసుకోవడాన్ని మా పుస్తకాల భాషలో అడ్హెరెన్స్ అంటారు, ఒక శాతంగా రాస్తారు. థెంబీ నోట అది ఒక ఇల్లు, ఒక అద్దం, ఒక నాన్న.

ఇంకో సంగతి నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది. 2001 ఫిబ్రవరిలో ముంబై కంపెనీ సిప్లా మూడు మందుల హెచ్‌ఐవీ చికిత్సను మనిషికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ముందుకొచ్చింది. అప్పటికి పాశ్చాత్య కంపెనీల ధర ఏడాదికి పదివేల డాలర్ల పైమాట. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ మందులు పెద్ద ఎత్తున ఇవ్వడం మొదలైంది 2004లో, అంటే సరిగ్గా థెంబీ చేతికి రికార్డర్ వచ్చిన ఏడే. ఇవాళ ఆఫ్రికాలో వాడే హెచ్‌ఐవీ మందుల్లో ఎక్కువ భాగం మన దేశానివి. వాటి ముడిపదార్థాలు తయారయ్యే చోట్లలో మా పరవాడ, అచ్యుతాపురం ప్రాంతం ఒకటి. గాజువాక రోడ్డు మీద మా బస్సును దాటిపోయే కంటైనర్ లారీల్లో ఖయెలిట్షా దాకా వెళ్లేవి ఉండొచ్చు. ఫార్మా రంగంలో ఇంతకాలం పనిచేసి, ఆ చివర మాత్ర చేతిలో పట్టుకున్న మనిషి గొంతు వినడానికి అమెరికా రేడియో దాకా పోవాల్సి వచ్చింది. 2009లో థెంబీ చనిపోయింది. మందులకు లొంగని క్షయ. ఇరవై నాలుగేళ్లు.

తర్వాత ఇలాంటివి వెతకడం అలవాటైంది. వెతకడం అనుకున్నంత తేలిక కాదు. యూట్యూబ్‌లో "కిడ్నీ" అని తెలుగులో కొడితే మొదటి పేజీ అంతా ఆకులూ కషాయాలూ. అదే పనిగా కిందికి జరిగితే తప్ప మనిషి కనపడడు. నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటుంది. జబ్బు పేరుతో వెతకను, ఊరి పేరుతోనో పని పేరుతోనో వెతుకుతాను. ఉప్పు మళ్లు, బీడీలు, గనులు, వలలు. జబ్బు దానంతట అదే వచ్చి చేరుతుంది, బతుకులో చేరినట్టే. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా అనే వెబ్‌సైటులో ఇలా వెతికితే రాతలూ చిన్న సినిమాలూ చాలా దొరుకుతాయి, తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. షికాగోలో స్టడ్స్ టెర్కెల్ అనే ఆయన 1952 నుంచి 1997 దాకా ఒకే రేడియో స్టేషన్లో జనంతో మాట్లాడుతూ పోయాడు. ఆ సంభాషణల్లో చాలావాటిని ఇప్పుడు ఊరికే వినొచ్చు. ఆయన ప్రశ్నలు పెద్ద గొప్పగా ఉండవు. అవతలివాళ్లు ఆగితే ఈయనా ఆగుతాడు, అంతే. మన యాంకర్లకు ఇదొక్కటి నేర్పినా చాలు.

మాట్లాడే హక్కు సామాన్యుడికి ఎప్పుడొచ్చిందని చూస్తే డాక్యుమెంటరీ చరిత్ర సరదాగా ఉంటుంది. 1935లో లండన్ మురికివాడల మీద హౌసింగ్ ప్రాబ్లమ్స్ అనే చిన్న సినిమా తీశారు. అక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూ కెమెరా వైపు తిరిగి తమ ఇళ్లలో ఎలుకల గురించి, పురుగుల గురించి నేరుగా చెప్పారు. అప్పటికి అది కొత్త. దానికి డబ్బు పెట్టింది మాత్రం గ్యాస్ కంపెనీల సంఘం. కొత్త ఇళ్లు కడితే గ్యాస్ పొయ్యిలు అమ్ముడుపోతాయని వాళ్ల ఆశ. (మన టీవీలో కింద పరుగెత్తే ఆసుపత్రి నంబరు గుర్తొస్తే తప్పు నాది కాదు.) మన దగ్గర 1948లో ఫిలిమ్స్ డివిజన్ వచ్చింది. సినిమా హాల్లో అసలు బొమ్మకు ముందు దాని చిత్రాలు వేయడం అప్పట్లో తప్పనిసరి. మా నాన్నగారి తరానికి అవంటే నవ్వు. తెర మీద రైతో, గర్భిణో కనిపిస్తారు, గొంతు మాత్రం ఎవరో దొరగారిది. ఆ మనిషి పెదాలు కదులుతూ ఉంటాయి, ఏమంటున్నాడో మనకు వినపడదు. అయినా అదే సంస్థలో 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి ఐ యామ్ ట్వంటీ అనే చిత్రం తీశాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన ఇరవై ఏళ్ల వాళ్లను ఊరూరా వెతికి, మీకేమనిపిస్తోందని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు పెట్టాడు. కొందరు దేశాన్ని పొగిడారు, కొందరు ఏకిపారేశారు. ప్రభుత్వ డబ్బుతోనే. కాబట్టి ప్రభుత్వ సంస్థ కదా, ఇంతకన్నా ఏం చేస్తారు అనే మాట నేను ఒప్పుకోను.

ఇంకొకటి చెప్పకపోతే నాకు తోచదు. ఇంగ్లండులో 1964లో ఏడేళ్ల పిల్లలు పద్నాలుగు మందిని టీవీకి చిత్రీకరించారు. తర్వాత ప్రతి ఏడేళ్లకూ మళ్లీ వెళ్లారు. 2019లో వాళ్లకు అరవై మూడేళ్లు వచ్చేదాకా అప్ సిరీస్‌గా అది నడిచింది. ఏడేళ్లప్పుడు గంతులు వేస్తూ కనిపించిన ఒక పిల్లాడు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు ఇల్లూ వాకిలీ లేకుండా స్కాట్లాండులో తిరుగుతూ కనిపిస్తాడు. మనసు పాడైన మనిషి మాట్లాడే తీరు అందులో ఉంది, అతని నోటితోనే. మరి పద్నాలుగేళ్ల తర్వాత చూస్తే అతను స్థానిక సంస్థలో ప్రతినిధి. మానసిక ఆరోగ్యం గురించి చెప్పే నిమిషం వీడియోలు నేను చాలా చూశాను, "పాజిటివ్‌గా ఉండండి" అని ముగుస్తాయి. మనిషి పాడవడానికీ బాగుపడడానికీ ఎన్నేళ్లు పడుతుందో వాటిలో ఎక్కడా తెలియదు.

ఇదంతా ఇంగ్లీషులో ఉంది. నాకు ఎలాగో అర్థమవుతుంది. మా అమ్మకు అవసరం లేదా?

విశాఖలో ఆకాశవాణి కేంద్రం 1963 నుంచీ ఉంది. సిరిపురం వైపు వెళ్లే ప్రతిసారీ ఆ ఆవరణ కేసి చూస్తాను. మత్స్యకారులకు వాతావరణ హెచ్చరికలు, రైతులకు కబుర్లు, స్త్రీల కార్యక్రమాలు, నాటికలు, ఏజెన్సీ పాటలు, ఇన్ని దశాబ్దాలుగా ఇక్కడి గొంతులు ఎన్నో ఆ గదుల్లోంచి వెళ్లాయి. రేడియో రూపకం అనే ప్రక్రియ తెలుగువాళ్లకు కొత్తది కాదు. బయటి శబ్దాలు, మనుషుల మాటలు, కాస్త వ్యాఖ్యానం కలిపి అరగంటలో ఒక ఊరిని కళ్లకు కట్టించడం మనవాళ్లకు చేతనైన విద్యే. ఇప్పుడు ఆకాశవాణి కేంద్రాలను ఫోన్ యాప్‌లోనే వినొచ్చు. కానీ అది ఆ క్షణంలో వస్తున్న ప్రసారం. ఇప్పటిదాకా ప్రసారమైన రూపకాలను ఊరి పేరుతో, విషయం పేరుతో వెతికి వినే వీలుంటే ఎంత బాగుండును. షికాగోలో ఒక మనిషి సంభాషణలకు దొరికిన గౌరవం ఉత్తరాంధ్ర మొత్తానికి దొరకకూడదా?

పాతవాటి సంగతి అలా ఉంచితే, కొత్తగా చేయవలసినవి ఇంకా ముఖ్యం. ముందుగా గుర్తొచ్చేది ఉద్దానం.

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. షుగర్, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకూ ఇలాంటిదే ఉంది. నీళ్లు అన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నారు. చాలామంది వచ్చి రక్తాలు తీసుకెళ్లారు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అంతకుముందు కాస్త పెద్ద కష్టం వస్తే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే రావాలి. ఈ సంగతులన్నీ వార్తల్లో వచ్చాయి. వార్తల్లో ఉద్దానం రోగి ఎలా కనిపిస్తాడో గుర్తు చేసుకోండి. మంచం మీద కూర్చుని ఉంటాడు, రెండు వాక్యాలు చెప్తాడు, రెండో వాక్యంలో ఏడుస్తాడు, కట్. తర్వాత నాయకుడి హామీ.

మా ల్యాబ్‌లో కంచిలి వైపు కుర్రాడు ఒకడున్నాడు. వాళ్లమ్మకు డయాలసిస్. ఒకరోజు క్యాంటీన్లో కొబ్బరి పచ్చడి వడ్డిస్తుంటే తనే మొదలుపెట్టాడు. మూత్రపిండాలు పనిచేయకపోతే రక్తంలో పొటాషియం పేరుకుంటుంది, అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. అందుకని డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు కొబ్బరినీళ్లు వద్దంటారు. ఇదంతా నాకు చదువులో తెలుసు. ఉద్దానం అంటే కొబ్బరి తోటలని కూడా తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని ఊడ్చిపెట్టిందనీ తెలుసు. ఈ మూడూ ఒకే ఇంట్లో కలుస్తాయని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

"మాయమ్మ ఏటంటాదో తెలుసా అన్నా?" అన్నాడు. "ఉన్న చెట్లు తిత్లీ పట్టుకెళిపోనాది, మిగిలిన నాలుగు చెట్ల నీళ్లూ డాక్టరు పట్టుకెళిపోనాడు అంటాది."

ఆవిడ మాట ఒక్కటి విన్నాక నాకు వంద ప్రశ్నలు. దాహం వేస్తే ఏం చేస్తుంది? రోజుకు ఇన్ని గ్లాసులే అని లెక్క ఉన్నప్పుడు, తోటలో ఎండలో పనిచేసి వచ్చిన భర్త ముంత ఎత్తి గటగటా తాగుతుంటే చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుంది? డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలుపుతూ ఫిస్టులా వేస్తారు. దాని మీద వేలు పెడితే లోపల జుమ్మని కొట్టుకోవడం తెలుస్తుంది. అది ఆగిపోతే ప్రమాదం కాబట్టి రోజూ చూసుకోమంటారు. ఆ చేతికి గాజులు వేసుకుంటుందా, ఆ చెయ్యి కిందపడేసి పడుకుంటుందా? నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకున్నప్పుడు పక్క మంచం వాళ్లతో ఏం మాట్లాడుకుంటారు? ఆ ఊళ్లో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు క్రియాటినిన్, అంటే మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె, అడుగుతారా? ఈ ప్రశ్నల్లో దేనికీ మూత్రపిండాల డాక్టరు దగ్గర సమాధానం ఉండదు. ఆవిడ దగ్గర అన్నింటికీ ఉంటుంది.

ఏజెన్సీ డోలీలదీ ఇదే కథ. పాడేరు అవతల రోడ్డు లేని కొండల మీంచి గర్భిణిని కర్రకు కట్టిన దుప్పట్లో మోసుకొస్తున్న వీడియో ఏటా వానాకాలంలో చూస్తాం. ఇరవై సెకన్లు. సిగ్గుచేటు అని కామెంట్ పెడతాం. మోసేవాళ్లు భుజం ఎక్కడ మార్చుకుంటారు, గెడ్డ పొంగితే ఎంతసేపు ఆగుతారు, ఇప్పుడు బయల్దేరాలా తెల్లారేదాకా చూడాలా అనేది ఆ ఇంట్లో ఎవరు తేలుస్తారు అన్నది వింటే, రోడ్డు ఒక్కటే సమస్యా, ఫోన్ సిగ్నలా, కిందటిసారి ఆసుపత్రిలో పడిన మాటా అనేది తెలుస్తుంది. అధికారులకు కూడా పనికొచ్చే సంగతి అది.

ఇప్పుడు దీనికి అడ్డం చెప్పేవాళ్ల మాట. మా ల్యాబ్‌లోనే ఉన్నారు, గట్టిగానే చెప్తారు. "రోగుల్ని మాట్లాడించడం అంటే ఇదేనా? యూట్యూబ్ నిండా వాళ్లేగా. నా షుగర్ ఈ ఆకుతో మాయం అని చెప్పేది రోగే, నా క్యాన్సర్ ఈ నీళ్లతో పోయింది అనేదీ రోగే." నిజమే. 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తెచ్చి, షుగర్ వగైరా జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల్ని నిషేధించారంటే ఈ రోగం ఎంత పాతదో చూడండి. కానీ అక్కడ రోగి చేత పలికించేది మందు గురించి, బతుకు గురించి కాదు. ఏ మందు పనిచేస్తుందో చెప్పడానికి ఒక మనిషి అనుభవం చాలదు, దానికి పరీక్షలున్నాయి, మా ఆరు గాజు పాత్రలతో మొదలుపెట్టి వేలమంది మీద చేసే ట్రయల్స్ దాకా. ఆ మందు వేసుకుంటూ బతకడం ఎలా ఉంటుందో చెప్పడానికి మాత్రం ఆ మనిషే చాలు, ఇంకెవరూ చాలరు. ఈ గీత దాటనివ్వకుండా చూడటం కార్యక్రమం చేసేవాళ్ల బాధ్యత. రోగి నోట తప్పు మాట వస్తే దాన్ని కోసేయనక్కర్లేదు, పక్కనే ఒక వాక్యంలో సరిచేస్తే సరిపోతుంది. వరల్డ్ సర్వీస్ వాళ్లు చేసేది అదే.

రెండో అభ్యంతరం దీనికన్నా నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. పేదవాడి కన్నీళ్లను సరుకు చేస్తున్నారని. కెమెరా విషయంలో ఇది చాలాసార్లు నిజం. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ ఒకటి, అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. నలుగురు అద్దెవాళ్లకు ఒకటే బాత్రూం ఉన్న ఇంట్లో ఉండే కోడలు పిల్ల ఆ సంగతి ఎలా దాచుకుంటుందో కెమెరా ముందు చెప్పమంటే చెప్పదు, చెప్పకూడదు కూడా. హెచ్‌ఐవీ ఉందన్న సంగతిని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టమే చెప్తోంది. అలాంటివాళ్ల కోసమే నేను రేడియో అంటున్నాను. మొహం అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు, పేరు మార్చుకోవచ్చు. టీవీలో ఇదే పని చేయాలంటే మొహానికి మసక వేస్తారు, చూసేవాళ్లకు ఆమె ఏదో నేరం చేసినట్టు ఉంటుంది. రేడియోలో అందరూ మొహం లేకుండానే వస్తారు, కలెక్టరుతో సహా.

ఇంతసేపు ఎవరు వింటారండీ అనేది మూడోది. మద్దిలపాలెం నుంచి పరవాడ దాకా నాతో ఒకసారి రండి, చెప్తాను.

చేయడానికి పెద్ద స్టూడియోలు కావాలనుకోవద్దు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో సంఘం రేడియో 2008 నుంచి నడిచింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు నడిపిన స్టేషన్ అది. విత్తనాలు, వంటలు, పాటలు, ఆడవాళ్ల ఆరోగ్యం అన్నీ వాళ్ల మాటలోనే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు 2006లో వచ్చింది. విశాఖలో జాలరిపేటకో, పాడేరుకో అలాంటిది ఎందుకు ఉండకూడదు? ప్రైవేటు ఎఫ్‌ఎం వాళ్లను అడిగితే సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదంటారు. నిజమే, ఆకాశవాణి వార్తల్నే తిరిగి వేసుకోవాలి. కానీ డయాలసిస్ చేయించుకునే మనిషి తన రోజు ఎలా గడుస్తుందో చెప్తే అది వార్త ఎలా అవుతుంది? అల్లుడి మీద జోకులకు ఉన్న గంటలో పది నిమిషాలు దీనికి ఇవ్వొచ్చు.

ఈ గొడవంతా క్యాంటీన్లో ఎన్నిసార్లు పెట్టానో గానీ, చివరికి కంచిలి కుర్రాడు "అయితే నువ్వే రికార్డు చెయ్యి అన్నా, మాయమ్మని అడుగుతాను" అన్నాడు. అడిగాడు. ఆవిడ ఒప్పుకుంది, షరతులతో. జబ్బు గురించి ముందు అడగకూడదు, తోట గురించి అడగాలి. కొడుకు గదిలో ఉండకూడదు, వాడుంటే కొన్ని చెప్పడం తన వల్ల కాదట. పేరు వద్దు. రికార్డు చేసింది ముందు తనకు వినిపించాలి, తీసేయమన్నది తీసేయాలి. ఏ టీవీ ఛానెల్ కన్నా మంచి ఒప్పందం రాయించుకుంది ఆవిడ. ఫోన్లోనే రికార్డు చేస్తాను, చిన్న కాలర్ మైక్ ఒకటి కొన్నాను. ఆవిడకు మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్, ఆ రోజంతా మాట్లాడే ఓపిక ఉండదు. నాకు సెలవు ఆదివారం. పొద్దున రైలుకి సోంపేటలో దిగితే ఆటోలో తీసుకెళ్తానన్నాడు.